తరుగు

దామలచెరువు దాటినాక గుజ్జు ఫ్యాక్టరీ గేటు పక్కన
నా కాటా.
పదిహేను మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పు ఇనప పలక.
అద్దం గదిలో నేను, ఎర్రంకెల డబ్బా, చీటీలు కక్కే మిషను.
జూన్ నెల. తోతాపురి కాలం.
ట్రాక్టర్ల వరస పాకాల రోడ్డు దాకా.
మూడో రాత్రికి నల్లమచ్చ మొదలవుతుంది,
కాయకి ముచ్చిక దగ్గర,
రైతుకి కంటి కింద.

హేమాక్షి, మా అక్క కూతురు, తిరుపతిలో ఫిజిక్సు చదివే పిల్ల,
సెలవులకొచ్చి రాత్రిళ్లు నాకు తోడు కూచుంటాది.
ఖాళీ పలక మీద సున్నా చూసి నవ్వింది:
"అది అబద్ధం చిన్నమ్మా.
ఆ పలక మీద ఇప్పుడు నాలుగొందల యాభై టన్నుల గాలి ఉండాది."

ఇరవై రెండేండ్లుగా కాటా వేస్తాండా.
అంత సరుకు చీటీ లేకుండా నా కళ్ల ముందు నిలబడి ఉందని
ఎవరూ చెప్పలా.
"మరి చూపించదే?"
"కింద నుంచీ అంతే తోస్తాది. సరికి సరి."
"ఎగిరిపోకుండా ఎవరు పట్టుకున్నారు?"
"భూమి. దాని బరువు."

గుట్ట మీద ఎర్రగా కుజుడు.
వాడితో నాకు పాత లెక్కొకటి ఉంది.
పంతొమ్మిదేళ్లప్పుడు పుంగనూరు సంబంధం
తాంబూలాల ముందు రోజు వెనక్కి పోయింది.
ఏడో ఇంట్లో కూచున్నాడంట, మొగుణ్ణి మింగేంత బలంగా.

హేమాక్షి చెప్తాంది:
వాడు భూమిలో పదో వంతు. అంతే.
చిన్న పొయ్యి తొందరగా చల్లారినట్టు లోపల చల్లారిపోయినాడు,
అయస్కాంతపు గొడుగు మూసుకుపోయింది,
సూర్యుడి గాలొచ్చి ఉన్న గాలిని ఊడ్చుకోని పోయింది.
నీళ్లు పారిన గీతలున్నాయంట, నీళ్లు లేవు,
ఎండాకాలం మా స్వర్ణముఖి మాదిరి.
పది టన్నుల కాయ వాడి కాటా మీద మూడుముక్కాలే తూగుతాదంట.
రైతులు వింటే రాయి అందుకుంటారు.
కొండ మాత్రం మన పెద్ద కొండకి రెండింతల పైనే.
ఎక్కేవాడికి ఊపిరి లేదు.

అయితే దోషం వాడిదే.
బరువు చాలక తన ఇల్లే నిలబెట్టుకోలేనోడు
నా ఇంటి సంగతి ఏం తేల్చినాడు?

ఎంత బరువుంటే అంత మేలా అని
గురుడి గురించి అడిగినాను.
వాడు దేన్నీ వదల్లేదంట,
పుట్టిన రోజు పట్టిన తేలిక గాలిని కూడా.
కాలు మోపను నేలే లేదు.
బడిలో తెలుగు అయ్యవారు బెత్తంతో చెప్పిన మాట గుర్తొచ్చింది:
ఒట్టి గురువులతో పద్యం నడవదు, కాళ్లీడుస్తాది.
పోనీ, భూమికి ఐదింతల రాతిముద్ద?
కాయలున్న కొమ్మ విరుగుతాది,
ఏడుకొండలూ ఏడు మెట్లయితాయి,
మనం నేలకి కరుచుకోని పాకాల.

శుక్రుడి తూకం దాదాపు మనదే,
లోపలంతా నిప్పు.
అది నాకు చెప్పక్కర్లా.
ఒకే తూకం లోడ్లు రెండు,
ఒకటి గుజ్జుకి, ఒకటి రోడ్డు పక్క పారబోతకి.
రోజూ చూస్తాండా.

"మన భూమి నుంచి ఏమీ జారదా?"
"జారతాది చిన్నమ్మా. హైడ్రోజను. తేలిక గదా,
పై నుంచి పోతానే ఉంటాది, సెకనుకి మూడు కిలోలు."

తరుగు!
ఇక్కడ టన్నుకి యాభై కిలోలు కోసి
ఫ్యాక్టరీవాడు ఇంకా గొణుగుతాడు.

తెల్లారుజాము నాలుగున్నర.
కుక్కొచ్చి పలక మీద పడుకుంది: ఇరవై.
లేచిపోయింది: సున్నా.
ఇప్పుడా సున్నాని నేను నమ్మను.

తర్వాతి బండి గంగులప్పది.
మూడు రోజుల కాయ మీద వెల్లకిలా పడి నిద్ర.
మనుషులు దిగాల, అది రూలు,
మనిషి బరువు సరుకులో కలవకూడదు.
హారన్ కొట్టబోయిన డ్రైవర్ని చెయ్యెత్తి ఆపినాను.
ముసలాయన ఎద లేస్తాంది, దిగతాంది.

మనిషికి అరవై తీసేసి చీటీ ఇచ్చినాను.
ఊపిరికి ఏమీ తియ్యలా.